ఆ పాతిక గుర్రాలు ఎక్కడున్నాయి?

మ్యూనిక్‌లో ఇంజిన్లను పరీక్షించే ఉద్యోగం చేస్తున్న మేనల్లుడు సెకండ్ హ్యాండ్‌లో బీఎండబ్ల్యూ ఎం5 కొనాలనుకుంటున్నాడు. ఎఫ్90 తరం బండి, 2017లో ప్రకటించినది. మామూలు ఎం5కి 600 హార్స్‌పవర్. మరుసటి ఏడాది వచ్చిన ఎం5 కాంపిటీషన్‌కి 625. ధరలో తేడా వేల యూరోలు. అదే సమయానికి విజయవాడ నుంచి మేనమామ వచ్చి ఉన్నాడు. ఆటోనగర్‌లో షెడ్డు పెట్టి జీవితమంతా ఇంజిన్లు విప్పి బిగించిన మనిషి. నాలుగు శాతం బలం తేడా రోడ్డు మీద ఎంతకి తేలుతుంది? దీని మీద వాళ్లిద్దరి మధ్య నడిచిన వాదన ఇది. నా మొగ్గు చాలావరకు మేనమామ వైపే. కానీ మేనల్లుడు చెప్పిన ఒక మాటని నేనూ తోసిపుచ్చలేను.

మామయ్య: ఏరా, రెండిట్లోనూ ఉన్నది ఒకటే ఇంజిన్ కదా?

అల్లుడు: ఒకటే మామయ్యా. 4.4 లీటర్ల వి8, రెండు టర్బోలు. టార్క్ కూడా రెండింటికీ 750 న్యూటన్ మీటర్లే.

మామయ్య: టార్క్ పెరక్కుండా హార్స్‌పవర్ ఎట్లా పెరిగింది?

అల్లుడు: టార్క్‌ని ఇంజిన్ తిరిగే వేగంతో గుణిస్తే వచ్చేదేగా హార్స్‌పవర్. మామూలు ఎం5లో ఆ 750 టార్క్ 1,800 ఆర్‌పీఎం దగ్గర అందుకుని 5,600 దాకా నిలబడుతుంది. ఆ తర్వాత తగ్గడం మొదలవుతుంది. కాంపిటీషన్‌లో అదే టార్క్‌ని 5,860 దాకా నిలబెట్టారు. అక్కడ గుణించి చూడు, 625 వస్తుంది. 5,600 దగ్గర గుణిస్తే 600.

మామయ్య: అంటే ముల్లు 5,600 దాటేదాకా ఈ రెండు బళ్లూ కవలపిల్లలే. నువ్వు ఆఫీసుకి పోయేటప్పుడు ముల్లు ఎక్కడుంటుంది? రెండు వేల దగ్గర. మరి రోజూ కనపడని గుర్రాలకి వేల యూరోలు ఎందుకు?

అల్లుడు: ఆఫీసుకి పోవడానికైతే 150 హార్స్‌పవర్ బండి చాలు మామయ్యా, 600 కూడా అక్కర్లేదు. ఇట్లాంటి బండిని దాని పనిలో పెట్టి చూడాలి. కాలు పూర్తిగా తొక్కినప్పుడు ఏం చేస్తుందన్నదే లెక్క.

మామయ్య: సరే, తొక్కు. కంపెనీవాడు ఏమన్నాడు?

అల్లుడు: సున్నా నుంచి వందకి మామూలు ఎం5 3.4 సెకన్లు, కాంపిటీషన్ 3.3. రెండొందలకి 11.1, 10.8. గరిష్ఠ వేగం మాత్రం రెండింటికీ ఒకటే. 250 దగ్గర లిమిటర్ ఆపుతుంది, ఎక్కువ డబ్బు కట్టి సడలించుకుంటే 305.

మామయ్య: వందకి సెకనులో పదో వంతు! ఆ పదో వంతుని గడియారం పట్టుకుంటుందేమో గానీ మనిషి నడుం పట్టుకోలేదు. పైగా ఆ గడియారాన్ని ఎక్కడ నొక్కారన్నది కూడా చూడాలి. అమెరికా పత్రికలవాళ్లు బండి ఒక అడుగు ముందుకి కదిలాక లెక్క మొదలుపెడతారని నువ్వే చెప్పావు.

అల్లుడు: అవును, డ్రాగ్ రేసుల నుంచి వచ్చిన అలవాటు అది. ఆ ఒక్క అడుగు వదిలేస్తేనే సెకనులో రెండు మూడు పదో వంతులు తగ్గిపోతాయి.

మామయ్య: చూశావా? కొలిచే పద్ధతిలో ఉన్న తేడా మీ రెండు బళ్ల తేడా కంటే పెద్దది.

అల్లుడు: కానీ రెండు బళ్లనీ ఒకే పద్ధతిలో కొలిస్తే ఆ అభ్యంతరం నిలబడదు. వంద దాకా తేడా ఎందుకు చిన్నదో చెప్తాను, విను. డ్రైవరుతో కలిపి బండి దాదాపు 1,950 కిలోలు. మంచి టైరు, పొడి రోడ్డు ఉంటే బండి బరువుకి సమానమైన బలంతో ముందుకి నెట్టగలదు. అంతకు మించి నెడితే చక్రం అక్కడే తిరుగుతుంది. ఆ పట్టుతోనే కదిలితే వంద చేరడానికి 2.8 సెకన్లు పడుతుంది. ఇంజిన్ నుంచి చక్రాలకి చేరే శక్తితో చూస్తే, సుమారు 70 కిలోమీటర్ల వేగం దాకా ఇంజిన్ ఇవ్వగలిగినదంతా టైరు తీసుకోలేదు. అంటే వందకి చేరే పరుగులో ఎక్కువ భాగం టైరు చేతిలో ఉంది. పాతిక గుర్రాలకి పని దొరికేది ఆ తర్వాతే.

మామయ్య: ఇది నా మాటే కదరా. నువ్వు నా తరఫున వాదిస్తున్నావు.

అల్లుడు: వంద దాకా నీ మాటే. వంద దాటాక నా మాట. రెండొందలకి తేడా 0.3 సెకను అయింది చూడు. అంటే పరుగు మొత్తంలో మూడు శాతానికి కాస్త తక్కువ. బలం తేడా నాలుగు శాతం. గాలి, గేర్ల మార్పు, మొదట్లో టైరు పట్టు, వీటన్నిటికీ పోగా నాలుగులో మూడు మిగిలిందంటే ఆ గుర్రాలు నిజంగా పనిచేస్తున్నట్టే. పక్కపక్కన నిలబెట్టి వదిలితే నాలుగొందల మీటర్లు వెళ్లేసరికి ఒక బండి దాదాపు తన పొడవంత ముందుంటుంది. వేగ పరిమితి లేని ఆటోబాన్ మీద 150 నుంచి 250కి తొక్కితే ఇంకా పెరుగుతుంది.

మామయ్య: నీ పక్కన నేను కూర్చుంటే?

అల్లుడు: అంటే?

మామయ్య: నా బరువు 78 కిలోలు. 1,950లో 78 అంటే ఎంత శాతం? సరిగ్గా నాలుగు. నేను ఎక్కి బెల్టు పెట్టుకున్నానంటే నీ కాంపిటీషన్ మామూలు ఎం5 అయిపోయింది. ట్యాంకు 68 లీటర్లన్నావు, నిండా కొట్టిస్తే యాభై కిలోలు. డిక్కీలో మీ అత్తయ్య పంపిన పచ్చళ్ల పెట్టె వేరే. నీ పాతిక గుర్రాలు నా ఒక్కడి బరువు లాగడానికి సరి.

ఇక్కడ మేనల్లుడు కొంతసేపు మాట్లాడలేదు. మేనమామ లెక్క అక్షరాలా సరైనది. కార్ల పత్రికలు హార్స్‌పవర్ గురించి పేజీలు రాస్తాయి. డ్రైవరు పక్కన మనిషి ఉన్నాడా, ట్యాంకులో ఎంత పెట్రోలుంది అన్నవి చాలాసార్లు రాయవు. ఆ రెండూ తెలియకుండా నాలుగు శాతం తేడా గురించి తీర్పు చెప్పడం చదువరికి చేసే అన్యాయమని నా అభిప్రాయం.

మామయ్య: ఇంకొకటి. మీ టెస్ట్ బెంచ్ మీద ఒకే రోజు తయారైన రెండు ఇంజిన్లు పెడితే రెండూ ఒకే అంకె చూపిస్తాయా?

అల్లుడు: చూపించవు. ఐరాస నిబంధన 85 అని ఒకటి ఉంది, యూరప్‌లో ఇంజిన్ బలం కొలిచేది దాని ప్రకారమే. ఫ్యాక్టరీ నుంచి వచ్చే ఇంజిను ప్రకటించిన బలానికి అయిదు శాతం అటూ ఇటూ ఉండొచ్చని అందులో వెసులుబాటు ఉంది.

మామయ్య: 600కి అయిదు శాతం ముప్ఫై! గట్టి మామూలు ఇంజిన్ 630 చూపించొచ్చు, మెతక కాంపిటీషన్ ఇంజిన్ 600 కూడా చూపించొచ్చు. కాగితం ప్రకారం రెండూ సరైనవే.

అల్లుడు: నిబంధన గీసిన హద్దు అది. ఈ కాలం టర్బో ఇంజిన్‌లో కంప్యూటరే బూస్ట్‌ని సరిచేసుకుంటుంది కాబట్టి, ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ల మధ్య తేడా అంత చివరిదాకా వెళ్లడం అరుదు. అయినా నీ మాట కాదనను. అంతకన్నా విచిత్రం ఇంకొకటుంది. ఇక్కడ జర్మనీలో 600, 625 అని అమ్మారా, అమెరికా బ్రోషర్లలో అవే బళ్లు 600, 617. ఇక్కడి హార్స్‌పవర్ 735.5 వాట్లు, అక్కడిది 745.7. కాబట్టి 625ని మారిస్తే సుమారు 617 రావడం సబబే. కానీ 600ని మారిస్తే 592 రావాలి. దాన్ని మాత్రం 600గానే ఉంచారు. ఇక్కడ పాతిక తేడా, సముద్రం దాటితే పదిహేడు.

మామయ్య: మరి ఈ అంకెల మీద నువ్వు వేల యూరోలు పెడతానంటావేంట్రా!

అల్లుడు: అంకె మీద కాదు మామయ్యా. ఇది విని అప్పుడు చెప్పు. నువ్వు గరిష్ఠ బలం ఒక్కటే చూస్తున్నావు. బండిని ముందుకి తోసేది ఆ ఒక్క క్షణంలో ఉన్న బలం కాదు, పరుగు మొత్తంలో సగటున అందిన బలం. పాత నాలుగు గేర్ల బండి అయితే గేరు మార్చగానే ముల్లు కిందికి పడిపోయేది, పైన ఉన్న గుర్రాలు వృథా. దీనికి ఎనిమిది గేర్ల ఆటోమేటిక్. కాలు పూర్తిగా తొక్కి ఉంచితే, నాలుగో గేరు పడ్డాక ముల్లు అయిదు వేల కిందికి దిగనే దిగదు. అంటే ఆఫీసు దారిలో నీకు కనపడని ఆ మూలలోనే ఇంజిన్ మకాం వేస్తుంది. 5,600 పైన టార్క్ ఇంకొంచెం నిలబెట్టడం చిన్న పనిలా కనిపిస్తుంది, కానీ ఈ గేర్‌బాక్స్‌కి అదే ముఖ్యమైన చోటు. దీనికి సాక్ష్యం వేరే బండి నుంచి ఇస్తాను. ఆల్ఫా రోమియో జూలియా క్వాడ్రిఫోల్యో, 510 హార్స్‌పవర్. నూర్బుర్గ్‌రింగ్ రేస్ ట్రాక్‌ని మాన్యువల్ గేర్లతో 7 నిమిషాల 39 సెకన్లలో చుట్టింది. 2016లో అదే డ్రైవరు ఫాబియో ఫ్రాంచా, అదే 510, ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌తో 7 నిమిషాల 32 సెకన్లు. గరిష్ఠ బలం ఒక్క అంకె కూడా పెరగలేదు. దాన్ని వాడుకున్న సమయం పెరిగింది.

మామయ్య: మాట బాగుంది. కానీ దాని వల్ల నెగ్గింది గేర్‌బాక్స్ గానీ హార్స్‌పవర్ కాదుగా.

అల్లుడు: రెండూ కలిసి నెగ్గాయి. గేర్‌బాక్స్ ముల్లుని పైన నిలబెట్టినప్పుడు పైన ఏముందన్నది లెక్కలోకి వస్తుంది. అదే నేను చెప్పేది.

మేనల్లుడి మాటల్లో నేను తోసిపుచ్చలేనిది ఇదే. ‘అంత పైకి ఎవరు తిప్పుతారు’ అన్న పాత ప్రశ్న గేర్లు తక్కువున్న కాలానిది. ఇప్పటి సెడాన్లలో తిప్పేది డ్రైవరు కాదు, గేర్‌బాక్సే.

మామయ్య: నీకో జపాన్ కథ చెప్తాను. 1989 ప్రాంతంలో అక్కడి కంపెనీలన్నీ కూడబలుక్కుని ఏ బండికీ 280 హార్స్‌పవర్ మించి ప్రకటించకూడదని మాటనుకున్నాయి. 2004లో హోండా లెజెండ్ 300తో వచ్చేదాకా ఆ మాట నిలిచింది. నీకిష్టమైన నాలుగు తలుపుల మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ 1996లో నాలుగో తరానికే 280కి చేరింది. ఇంక పెంచడానికి లేదు. మరి తర్వాతి బళ్లు మెరుగుపడలేదా?

అల్లుడు: పడ్డాయి. ప్రతి తరమూ ముందుదాని కంటే వేగమైనదే.

మామయ్య: ఎట్లా? వంపులో వెనక చక్రాలకి వేర్వేరుగా బలం పంచే డిఫరెన్షియల్‌ని మెరుగుపరిచారు. చక్రాల మధ్య వెడల్పు పెంచారు, బ్రెంబో బ్రేకులు తెచ్చారు. టార్క్‌ని 353 నుంచి 392 దాకా తీసుకెళ్లారు. కాగితం మీద మాత్రం 280. చెయ్యి కట్టేస్తే ఇంజనీరు ఎక్కడ పనిచెయ్యాలో అక్కడ పనిచేశాడు. హార్స్‌పవర్ పెంచే వీలున్నవాడు పాతిక గుర్రాలు కలిపి కొత్త పేరు పెట్టి అమ్ముతాడు.

అల్లుడు: ఆ 280ల్లో చాలావాటికి లోపల అంతకంటే ఎక్కువే ఉండేదని అందరికీ తెలుసు కదా.

మామయ్య: ఉండనీ. అప్పుడూ ప్రకటించిన అంకె అబద్ధమనే తేలింది. నాకు నష్టం లేదు. సరే, మీ బీఎండబ్ల్యూ సంగతే చూద్దాం. దీని ముందు తరంలో 600 హార్స్‌పవర్ ఎం5 ఉండేదన్నావు.

అల్లుడు: 2014లో ఎం5కి ముప్ఫై ఏళ్లయిన సందర్భంగా 300 బళ్లు చేశారు. వెనక చక్రాలకే బలం. వందకి 3.9 సెకన్లు. ఎఫ్90 మామూలు బండికి అదే 600, నాలుగు చక్రాలకీ బలం, 3.4.

మామయ్య: గుర్రాలు అవే, అర సెకను తగ్గింది! టార్క్ కొంచెం పెరిగి ఉంటుంది...

అల్లుడు: 700 నుంచి 750కి.

మామయ్య: సరే, అదీ కలుపుకో. అయినా అసలు పని చేసింది ముందు చక్రాల పట్టు. తర్వాత 2024లో వచ్చిన కొత్త ఎం5కి?

అల్లుడు: 727 హార్స్‌పవర్, వెయ్యి న్యూటన్ మీటర్లు, బ్యాటరీతో నడిచే మోటారు కూడా ఉంది. బరువు 2,400 కిలోలు దాటింది. వందకి 3.5.

మామయ్య: వందకి పైగా గుర్రాలు పెరిగి, నీ కాంపిటీషన్ కంటే రెండు పదో వంతులు వెనకపడింది. నేనింకేం చెప్పాలి?

అల్లుడు: బరువు పెరిగింది కాబట్టే కదా. బలాన్ని బరువుతో కలిపి చూడాలనడంలో మనిద్దరికీ తేడా లేదు. ఎం5 సీఎస్ అని ఒకటి చేశారు, 635 హార్స్‌పవర్, కాంపిటీషన్ కంటే పదే ఎక్కువ. దాదాపు 70 కిలోలు తగ్గించారు, టైర్లు ఇంకా పట్టుగలవి. వందకి 3.0. అందులో పది గుర్రాల వాటా చాలా కొద్ది, ఒప్పుకుంటాను. మెర్సిడెస్ ఏఎంజీ ఈ63 సంగతీ అంతే. మామూలుదానికి 571, ‘ఎస్’ రకానికి 612. అక్కడ టార్క్ కూడా వంద ఎక్కువ, 750కి 850. వంద చేరే పరుగులో తేడా ఎంతనుకున్నావు? 3.5కి 3.4.

మామయ్య: నలభై గుర్రాలూ వంద టార్కూ కలిసి తెచ్చింది ఆ పదో వంతే. మన బెజవాడ మే నెలలో అయితే అదీ కనపడదు. ఇంజిన్ బలం కొలిచేది ఎంత వేడిలో?

అల్లుడు: 25 డిగ్రీలకి సరిచేసి చెప్తారు.

మామయ్య: అక్కడ 45. గాలి ఎంత పల్చబడుతుంది?

అల్లుడు: ఆరు శాతం. టర్బో ఇంకొంచెం గట్టిగా తిరిగి కొంత పూడుస్తుంది. కానీ ఇంటర్‌కూలర్ వేడెక్కాక ఇంజిన్ నాకింగ్ రాకుండా కంప్యూటర్ స్పార్క్‌ని వెనక్కి జరుపుతుంది. వరసగా రెండు మూడుసార్లు గట్టిగా తొక్కితే పాతిక కంటే ఎక్కువే పోవచ్చు. అయితే వేడిలో రెండు బళ్లూ కోల్పోతాయి మామయ్యా, కాంపిటీషన్ ఒక్కటే కాదు.

మామయ్య: తేడా మిగులుతుందనే అనుకుందాం. కానీ వాతావరణం తీసేసేది కంపెనీవాడు కలిపినదాని కంటే పెద్దదైనప్పుడు, ఆ కలిపినదానికి అంత ధర ఎందుకన్నదే నా గొడవ. మన షెడ్డుకి లారీలవాళ్లు వచ్చి పంపు పెంచమనేవాళ్లు. స్క్రూ తిప్పితే పొగ పెరిగేది, లాగుడు ఏ కొంచెమో పెరిగేది, డీజిల్ మాత్రం బాగా తాగేది. ఎయిర్ ఫిల్టర్ దులిపి, బ్రేకులు పట్టేసిన చక్రం ఒకటి వదులు చేస్తే బండి అంతకంటే బాగా లాగేది. ఆ పనికి అడిగి వచ్చినవాడు ఒక్కడూ లేడు.

అల్లుడు: మరి కాంపిటీషన్‌లో కలిపింది ఇంజిన్ బలం ఒక్కటే కాదని చెప్తే? బండి 7 మిల్లీమీటర్లు కిందికి దించారు. స్ప్రింగులు పది శాతం గట్టిపరిచారు. ముందు చక్రాల క్యాంబర్ పెంచారు, వంపులో టైరు రోడ్డుకి సమంగా ఆనడానికి. ఇంజిన్ మౌంటింగుల గట్టిదనం మిల్లీమీటరుకి 580 న్యూటన్ల నుంచి 900కి తెచ్చారు. స్టీరింగ్ తిప్పగానే బండి తిరుగుతుంది, ఇంజిన్ ఊగిసలాడి వెనక రాదు. నేను రెండూ నడిపాను. తేడా మొదటి వంపులోనే తెలిసింది.

మామయ్య: మొదటి వంపులో తెలిసిందా, మొదటి తిన్నని రోడ్డు మీద తెలిసిందా?

అల్లుడు: వంపులోనే.

మామయ్య: మరి ఇంతసేపూ హార్స్‌పవర్ గురించి ఎందుకు మాట్లాడావు? కంపెనీవాడు మౌంటింగులు అమ్ముతున్నాడు, వెనక డిక్కీ మీద గుర్రాల పేరు రాస్తున్నాడు. ఎందుకంటే మౌంటింగుల గట్టిదనం చూసి ఎవడూ చెక్కు రాయడు.

అల్లుడు: ఆ గుర్రాలూ ఉన్నాయి మామయ్యా, లేవనకు. రెండొందలకి 0.3 సెకను నిజమే, ఆటోబాన్ మీద నేను వాడుకుంటాను కూడా. ఒక్కో మెట్టు చిన్నదే, కానీ 1984లో 286తో మొదలైన ఎం5 ఇక్కడికి చేరింది ఇట్లాంటి చిన్న మెట్లు ఎక్కే కదా. నేను కాంపిటీషనే కొంటాను.

మామయ్య: కొను. కొనేది స్ప్రింగుల కోసం, మౌంటింగుల కోసం, నీ ఆటోబాన్ కోసం అనుకుని కొను. అదే బండి హైదరాబాదులో కొనేవాడైతే నేను వద్దనే చెప్తాను. అవుటర్ రింగ్ రోడ్డు మీద పరిమితి 120, అది దిగాక ఆ గట్టి స్ప్రింగులు ప్రతి స్పీడ్ బ్రేకర్నీ వాడి వెన్నుకి చెప్తాయి. నువ్వైనా సరే, రేపు బండి చూడ్డానికి వెళ్లినప్పుడు బానెట్ తర్వాత ఎత్తు, ముందు వంగి టైర్లు చూడు. పక్క గోడ మీద డాట్ అని ఉంటుంది, దాని చివర నాలుగంకెలు. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. అట్లాంటి పాత టైర్ల మీద ఉంటే ఆ బండికి 600 ఉన్నా 625 ఉన్నా ఒకటే. ధరలో నాలుగు కొత్త టైర్ల ఖర్చు తగ్గించమని అడుగు, తగ్గించకపోతే ఇంకో బండి చూడు.